బొలెరోలో ఫ్రిజ్: అమ్మ ఇన్సులిన్ కోసం మొదలుపెట్టిన పని

జనవరి 18

సంక్రాంతికి అమలాపురం వెళ్లి, వస్తూ వస్తూ మారేడుమిల్లి వైపు తిరిగి ఒక రాత్రి టెంటు వేశాం. ఎప్పటిలాగే థర్మోకోల్ పెట్టె, అందులో రాజమండ్రి చేపల మార్కెట్ దగ్గర కొన్న ఐసుగడ్డలు. పొద్దున్నే మూత తీస్తే ఐసంతా నీళ్లయిపోయింది. పాల ప్యాకెట్లు తేలుతున్నాయి. వాటి పక్కనే అమ్మ ఇన్సులిన్ పెన్నులో వేసే కార్ట్రిడ్జ్‌ల అట్టపెట్టె. జిప్ కవర్లోనే పెట్టాను గానీ కవరు అంచు ఊడింది. అట్ట నాని, పట్టుకుంటే చేతికి వచ్చేసింది.

తడవడం ఒక్కటే అయితే తుడిచి వాడుకునేవాళ్లం. రాత్రంతా అవి ఐసుగడ్డకు ఆనుకుని ఉన్నాయేమో ఎవరికి తెలుసు? సీలు తీయని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒక్కసారి గడ్డకట్టిందంటే కరిగాక చూడ్డానికి మామూలుగా ఉన్నా వాడకూడదు. వాడుతున్న పెన్ను మాత్రం బయట ఉండొచ్చు. అమ్మ వాడే రకానికైతే 30 డిగ్రీలు దాటకుండా 28 రోజులు. అనుమానం ఉన్న మందు ఒంట్లోకి ఎక్కించలేం కదా, మూడు కార్ట్రిడ్జ్‌లూ పారేశాం.

అమ్మ పల్లెత్తు మాట అనలేదు. ఇంటికి చేరాక మాత్రం, "ఈసారి మీరు వెళ్లి రండిరా, నేను ఇంట్లోనే ఉంటాలే" అంది. ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. మాతో పాటు ఊళ్లు తిరగడమంటే ఆవిడకి ప్రాణం. మార్చి చివర్లో గండికోట వెళ్దామని అనుకుంటున్నాం. అప్పటికి బండిలో సరైన ఫ్రిజ్ ఉండాలి, అమ్మ ముందు సీట్లో కూర్చోవాలి. అందుకే ఈ డైరీ.

జనవరి 27

ఫ్రెండ్ దగ్గర పెల్టియర్ రకం కూలర్ ఉంటే ఒక వారానికి అడిగి తెచ్చాను. కొత్తది 7,000 లోపే వస్తుంది కాబట్టి ముందు దీన్ని చూడటం న్యాయమనిపించింది. ఇందులో కంప్రెసర్ ఉండదు. ఒక చిన్న పలకలోంచి కరెంటు వెళ్తే దాని ఒక వైపు చల్లబడి, రెండో వైపు వేడెక్కుతుంది. ఆ వేడిని ఫ్యాను బయటికి తోసేస్తుంది. అంతే.

హాల్లో 28 డిగ్రీలున్నప్పుడు నాలుగు గంటల్లో లోపల 11కి దిగింది. ఫర్వాలేదనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండిలో పెట్టాను. బండి లోపల 43, కూలర్ లోపల 25. అంటే చుట్టూ ఉన్న వేడి కన్నా 17, 18 డిగ్రీలు తగ్గించగలదు, అంతకు మించి దాని వల్ల కాదు. పైగా చల్లబడ్డాక కూడా ఆగకుండా 4 ఆంపియర్లు లాగుతూనే ఉంది. రాత్రీ పగలూ అలా లాగితే రోజుకి దగ్గర దగ్గర 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు). ఏ బ్యాటరీ తట్టుకుంటుంది?

అందులో దోసె పిండి డబ్బా కూడా పెట్టి చూశాను. సాయంత్రానికి పిండి పొంగి, మూత లేపుకుని బయటికి వచ్చేసింది. మా ఆవిడ చూసి, "ఇందులో పెడితే పిండి ఇంకా బాగా పులుస్తోందండీ" అంది. దానితో నాకిక సందేహం లేదు.

గ్యాసుతో నడిచే అబ్సార్ప్షన్ ఫ్రిజ్‌లు కూడా ఉన్నాయి. అవి సమతలంగా నిలబెడితేనే సరిగా పనిచేస్తాయి, పైగా మూసిన బండిలో మంట ఉండకూడదు. మనకి కాదు. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ ఒక్కటే దారి. బయట ఎంత వేడి ఉన్నా లోపల అనుకున్న డిగ్రీకి తెస్తుంది, తెచ్చాక కంప్రెసర్ ఆగిపోతుంది. ఘాట్ రోడ్డులో బండి వంగినా దానికి ఇబ్బంది లేదు.

ఫిబ్రవరి 8

సైజు తేల్చడానికి టీవీ వచ్చిన అట్టపెట్టెను కోసి రెండు నమూనాలు చేశాను. ఒకటి 35 లీటర్ల ఫ్రిజ్ కొలతలతో, ఇంకొకటి 50 లీటర్లది. బొలెరో వెనక సీట్లు మడిచేసి ఒక్కోదాన్నీ పెట్టి చూశాం. 50 లీటర్లది పట్టింది గానీ, మూత పూర్తిగా తెరవాలంటే పక్కనున్న టెంటు సంచి దించాలి. అమ్మని నిలబెట్టి చేయి అందుతుందేమో చూశాను. ఎత్తైన పెట్టెలో అడుక్కి చేయి పెట్టాలంటే ఆవిడ మునివేళ్ల మీద లేవాల్సి వస్తోంది. 35 దగ్గర ఆగాం.

నలుగురికి రెండు రోజులకి 35 లీటర్లు సరిపోతాయి. పాలు, పెరుగు, మసాలా పట్టించిన చికెను, దోసె పిండి, కూరగాయల్లో పాడయ్యేవి, నాలుగు నీళ్ల సీసాలు. ఉల్లిపాయలు, టమాటాలు, గుడ్లు బయటే ఉంటాయి. సగం ఫ్రీజర్, సగం ఫ్రిజ్‌గా రెండు గదులవి కూడా ఉన్నాయి. ఐస్‌క్రీం కోసం మావాడు దానికే ఓటేశాడు. ధర, బరువు, కరెంటు ఖర్చు మూడూ పెరుగుతాయి కాబట్టి వద్దనుకున్నాం. 27,000 పెట్టి ఒకే గది ఉన్నది ఆర్డర్ చేశాను.

ఫిబ్రవరి 15

ఫ్రిజ్ వచ్చింది. దారిలో దాన్ని ఏ పక్కకి పడుకోబెట్టారో తెలియదు కాబట్టి నిలబెట్టి రాత్రంతా ఆన్ చేయలేదు. కంప్రెసర్‌లోని ఆయిలు పైపుల్లోకి జారి ఉంటే మళ్లీ కిందికి దిగాలి.

పొద్దున అడాప్టర్‌తో ఇంటి కరెంటుకే కలిపి, మధ్యలో వాట్ మీటర్ పెట్టాను. 24 గంటలకి 0.38 యూనిట్లు. మా వంటింట్లో 29 డిగ్రీలుంది. నడిచేటప్పుడు 45 వాట్లు లాగుతోంది, కానీ గంటలో సుమారు ఇరవై నిమిషాలే నడుస్తోంది. 12 వోల్టుల లెక్కలో రోజుకి 32 ఏహెచ్ అనుకోవచ్చు. ఇది చాలా మంచి అంకె.

అసలు సంగతి మాత్రం వేరే చోట బయటపడింది. డిస్‌ప్లేలో 4 డిగ్రీలు సెట్ చేశాను. మూడు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి ఒక్కోదాంట్లో చిన్న థర్మామీటర్ వేసి, ఒకటి అడుగున గోడకి ఆనించి, ఒకటి మధ్యలో, ఒకటి కంప్రెసర్ మీదున్న మెట్టు మీద పెట్టాను. మర్నాడు పొద్దున్న మూత తీస్తే మెట్టు మీదది 6 చూపిస్తోంది, మధ్యలోది 3. అడుగున ఉన్న గ్లాసు బయటికి తీసి వెలుతురులో పట్టుకున్నాను. నీళ్ల మీద, గ్లాసు అంచు వెంబడి పల్చటి ఐసు పొర. గోరుతో గీస్తే తెల్లటి గీత పడింది. థర్మామీటర్ సున్నా మీద నిలిచి ఉంది.

డిస్‌ప్లే 4 చూపిస్తుండగానే, ఇన్సులిన్‌ని ఆ మూల పెట్టి ఉంటే గడ్డకట్టేది! చల్లబరిచే పైపులు గోడల లోపలే చుట్టి ఉంటాయి, చల్లగాలి అడుక్కి దిగుతుంది, ఫ్రిజ్ సెన్సర్ మాత్రం ఒక్కచోటే ఉంటుంది. అది చెప్పే డిగ్రీ ఆ ఒక్క చోటుది. మందులు పెట్టాలనుకునేవాళ్లు ఎవరైనా సరే, ఈ గ్లాసుల పరీక్ష చేయకుండా పెట్టొద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

సెట్టింగు 5కి మార్చాను. మెట్టు మీద గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బా, అందులో చిన్న తువ్వాలు చుట్టి కార్ట్రిడ్జ్‌లు (ప్రస్తుతానికి ఖాళీవి). డబ్బాలోనే కనిష్ఠం, గరిష్ఠం గుర్తుపెట్టుకునే డిజిటల్ థర్మామీటర్. రెండు రోజుల్లో కనిష్ఠం 4.1, గరిష్ఠం 7.2.

ఫిబ్రవరి 22

బండిలో సిగరెట్ లైటర్ సాకెట్‌కి కలిపి వికారాబాద్ అనంతగిరి దాకా వెళ్లొచ్చాను. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ బాగానే ఉంది. అక్కడ ఇంజిన్ ఆపి, కీని యాక్సెసరీలో ఉంచితే పది నిమిషాల్లో ఎర్రర్ కోడ్ వచ్చి ఫ్రిజ్ ఆగిపోయింది.

మల్టీమీటర్ తీశాను. బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులు. కంప్రెసర్ నడుస్తుండగా సాకెట్ దగ్గర 11.2. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో ఇంకా పడి 10.8. బ్యాటరీ బాగానే ఉంది, ఫ్రిజ్ బాగానే ఉంది. మధ్యలో 1.3 వోల్టులు దారిలోనే పోతున్నాయి. ప్లగ్గు పట్టుకుని చూస్తే వేడిగా ఉంది. ఆ పోయిన వోల్టేజీ కొంత అక్కడే వేడిగా మారుతోంది.

ఫ్రిజ్‌లో బ్యాటరీ రక్షణకి హై, మీడియం, లో అని మూడు మెట్లున్నాయి. నాది హైలో ఉంది, 11.1 దగ్గర ఆపేస్తుంది. 'లో' మెట్టుకి మారిస్తే ఆగదు నిజమే. కానీ రేపు మంచి వైరు వేశాక ఆ సెట్టింగు అలాగే మర్చిపోతే, బండి స్టార్ట్ కానంతగా ఫ్రిజ్ బ్యాటరీని తాగేస్తుంది. అడవి మధ్యలో అది జరిగితే ఎవరిని పిలుస్తాం? వైరు సంగతే చూడాలి.

లెక్క తేలికే. సాకెట్ దాకా వచ్చేలాంటి సన్నటి 1 స్క్వేర్ ఎంఎం రాగి వైరుకి మీటరుకి సుమారు 18 మిల్లీ ఓముల నిరోధం ఉంటుంది. బండి ముందు నుంచి డిక్కీకి 5 మీటర్లు, తిరిగి రావడానికి 5, మొత్తం 10. అంటే 180 మిల్లీ ఓములు. 4.5 ఆంపియర్లకి 0.8 వోల్టు అక్కడే పోయింది, మిగతాది సాకెట్ కాంటాక్టుల్లో. అదే 6 స్క్వేర్ ఎంఎం వైరైతే 0.14 వోల్టు మాత్రమే పోతుంది. పైగా సిగరెట్ ప్లగ్గు గతుకుల్లో కొంచెం కొంచెంగా బయటికి జరుగుతుంది. వచ్చేటప్పుడు పరిగి రోడ్డులో రెండుసార్లు ఫ్రిజ్ లైటు ఆరి వెలిగింది. అమ్మ మందు ఆ ప్లగ్గు మీద వదిలేయలేను.

మార్చి 1

కోఠి గుజరాతీ గల్లీ. 6 స్క్వేర్ ఎంఎం వైరు ఎర్రది 6 మీటర్లు, నల్లది 6 మీటర్లు, లగ్గులు (వైరు చివర బిగించే లోహపు కొనలు), ఫ్యూజు హోల్డర్లు, గతుకులకి ఊడిరాని ఆండర్సన్ రకం ప్లగ్గులు రెండు. ఇంటికి వచ్చాక బ్యాటరీ గురించి లెక్కలు వేస్తే ఆ వైరు చాలదని తేలింది. వరస ముఖ్యం: బ్యాటరీ ఏదో తేల్చుకున్నాకే వైరు కొనాలి. ఆ 6 స్క్వేర్ వైరు బ్యాటరీ నుంచి ఫ్రిజ్ దాకా వేసే మీటరు దూరానికి పనికొచ్చింది, మిగిలింది చుట్టి పెట్టాను.

బ్యాటరీ ఆలోచన ఇది. బండి బ్యాటరీ స్టార్టింగ్ కోసం తయారైనది. సగం దాకా ఖాళీ చేస్తూ పోతే తొందరగా చచ్చిపోతుంది. వేరే బ్యాటరీ కావాలి. లెడ్ యాసిడ్ 100 ఏహెచ్ అయితే ముప్ఫై కిలోలకి అటూ ఇటూ ఉంటుంది, వాడుకోగలిగేది సగమే. లిథియం ఫాస్ఫేట్ రకం 100 ఏహెచ్ పన్నెండు కిలోలు, దాదాపు మొత్తం వాడుకోవచ్చు, వోల్టేజీ కూడా చివరిదాకా 13 దరిదాపుల్లో నిలబడుతుంది. ఖరీదు ఎక్కువే. ఈ ప్రాజెక్టులో నేను బేరమాడకుండా డబ్బు పెట్టిన చోటు ఇదొక్కటే.

లిథియాన్ని నేరుగా, ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కి కలపకూడదు. అది ఇచ్చినంతా లాగేస్తుంది, ఆల్టర్నేటర్ కాగిపోతుంది. మధ్యలో కరెంటుని అదుపులో పెట్టి బ్యాటరీకి ఇచ్చే డీసీ డీసీ చార్జర్ ఉండాలి. నేను 20 ఆంపియర్లది తీసుకున్నాను. అయిదు గంటల డ్రైవింగ్‌లో ఖాళీ బ్యాటరీ నిండిపోతుంది. కొత్త బీఎస్6 బండ్లలో చాలావాటికి ఆల్టర్నేటర్ వోల్టేజీ తనంతట తనే పైకీ కిందికీ మారుతుంటుంది, వాటికి ఈ చార్జర్ మరీ అవసరం. బండి వారంటీలో ఉంటే వైరింగు ముట్టుకునే ముందు సర్వీసు సెంటర్‌లో అడగండి. నాది వారంటీ దాటిన బండి.

చార్జర్ 20 ఇవ్వాలంటే ముందు నుంచి పాతిక దాకా లాగుతుంది. అందుకే ముందు నుంచి వెనక్కి 16 స్క్వేర్ ఎంఎం వైరు.

మార్చి 8

వైరింగు రోజు. మా కాలనీ ఆటో ఎలక్ట్రీషియన్ అన్న పక్కనే ఉండి చేయించాడు. ఇంజిన్ గదిలోంచి క్యాబిన్‌లోకి వైరు తెచ్చే రంధ్రానికి గ్రామెట్ అనే రబ్బరు వలయం వేశాం. రేకు అంచు వైరు తొడుగుని కోస్తే బండే అంటుకుంటుంది. మొత్తం వైరుకి ముడతల గొట్టం తొడిగాం. బండి బ్యాటరీకి జానెడు దూరంలోనే 40 ఆంపియర్ల ఫ్యూజు, లిథియం బ్యాటరీ దగ్గర ఇంకో 40. రెండు చివరలా బ్యాటరీ ఉంది కాబట్టి రెండు చివరలా ఫ్యూజు ఉండాల్సిందే. ఫ్రిజ్‌కి వెళ్లే వైరుకి విడిగా 15.

లగ్గు క్రింప్ చేయడం, అంటే వైరు మీద నొక్కి బిగించడం, చూసి నేర్చుకున్నాను. తొడుగు లగ్గు గొట్టం పొడవు వరకే ఒలవాలి, ఒక్క పోగు కూడా తెగకూడదు. దువ్వినట్టు సరిచేసి లోపలికి తోస్తే లగ్గు మెడ దగ్గరున్న చిన్న కిటికీలోంచి రాగి మెరవాలి. హైడ్రాలిక్ పట్టకారు కిర్రుమని చివరిదాకా నొక్కాక, అన్న లగ్గుని వైసులో బిగించి వైరుని రెండు చేతులా లాగి చూశాడు. కదల్లేదు. ఆ తర్వాతే వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగి కాల్చాడు.

అంతా అయ్యాక చార్జర్ ఆన్ అవుతోంది, ఆగిపోతోంది. మళ్లీ ఆన్, మళ్లీ ఆగడం. బండి బ్యాటరీ నెగటివ్‌కీ డిక్కీలో నేను బిగించిన ఎర్త్ బోల్టుకీ మధ్య కొలిస్తే, లోడు ఉన్నప్పుడు 0.9 వోల్టు. అసలు అక్కడ సున్నాకి దగ్గరగా ఉండాలి. అన్న బోల్టు విప్పి చూపించాడు. "పెయింట్ మీద కూసోబెట్టినవన్నా, కరెంటెట్ల వస్తది?" ఎమరీ పేపర్‌తో రూపాయి బిళ్లంత మేర రేకు మెరిసేదాకా రుద్ది, పళ్ల వాషర్ వేసి బిగించి, తుప్పు పట్టకుండా పైన వాజ్‌లీన్ రాశాడు. 0.08కి పడిపోయింది. చార్జర్ ఇంక ఆగలేదు.

మార్చి 15

18 ఎంఎం ప్లైవుడ్ పలక డిక్కీ అడుగుకి బోల్టులతో. దాని మీద బ్యాటరీ, చార్జర్, ఫ్రిజ్. బ్యాటరీని ఇంజిన్ గదిలో పెట్టొద్దు, ఆ వేడి లిథియానికి పడదు. సామానుతో కలిపి ఫ్రిజ్ 28 కిలోలు తూగింది. గట్టిగా బ్రేకు వేస్తే అది నేరుగా ముందు కూర్చున్నవాళ్ల తలల మీదికి వస్తుంది. రెండు రాట్చెట్ బెల్టులతో ముందుకీ వెనక్కీ కట్టి, రెండు చేతులతో ఊపితే బండి ఊగింది తప్ప ఫ్రిజ్ కదల్లేదు.

గాలి జాలీ ఉన్న వైపు నాలుగు వేళ్ల వెడల్పు ఖాళీ వదిలాను. ఆ వైపు దుప్పట్లు జరగకుండా చిన్న చెక్క అడ్డం కొట్టాను. మధ్యాహ్నం బండి ఎండలో పెట్టి పరీక్ష: లోపల 52 డిగ్రీలు, కంప్రెసర్ దాదాపు ఆగకుండా నడిచింది. పగలూ రాత్రీ కలిపి ఆ రోజంతటికీ 46 ఏహెచ్. మర్నాడు అద్దాలకి వెండి రంగు షీట్లు పెట్టి, ఫ్రిజ్‌కి జాలీలు వదిలేసి మెత్తటి కవరు తొడిగి, కిటికీలు వేలెడంత దించి మళ్లీ పెట్టాను. 33కి దిగింది. 600 రూపాయల షీట్లతో ఇంత లాభం వస్తుందని అనుకోలేదు.

మార్చి 30, గండికోట నుంచి వచ్చాక

బయల్దేరే ముందు రోజు రాత్రే ఫ్రిజ్‌ని ఇంటి కరెంటు మీద చల్లబరిచాం, అందులో పెట్టేవన్నీ కూడా చల్లగా ఉన్నవే పెట్టాం. వేడి పాలు, వేడి నీళ్లు పెడితే వాటిని చల్లార్చడానికే బ్యాటరీ సగం పోతుంది. ఖాళీల్లో నీళ్ల సీసాలు కూరాం. దోసె పిండి స్టీలు డబ్బాలో సగానికే పోసి, అడుగున గోడకి ఆనించాం. గ్లాసులో ఐసు కట్టిన ఆ మూలే పిండికి సరైన చోటు.

కర్నూలు, నంద్యాల మీదుగా జమ్మలమడుగు. సాయంత్రం అయిదింటికి గండికోటలో బండి ఆపేసరికి బ్యాటరీ నూరు శాతం. కావాలనే మళ్లీ స్టార్ట్ చేయలేదు. రెండు రాత్రులు, మొత్తం 40 గంటలు. మధ్యాహ్నం కోటలో ధాన్యాగారంలోకి వెళ్తే ఆ మందపాటి రాతి గోడల మధ్య చల్లగా ఉంది. అమ్మ గోడకి చేయి ఆనించి చాలాసేపు నిలబడింది. ఎండ తగ్గాక పెన్నా లోయ అంచున కూర్చున్నాం.

ఒక లోటు: రాత్రి నిశ్శబ్దంలో కంప్రెసర్ మొదలైనప్పుడల్లా ప్లైవుడ్ పలక గుయ్యిమంటోంది. ఫ్రిజ్ కాళ్ల కింద రబ్బరు ముక్కలు వేయాలి. లోపల అడుగున తడి కూడా చేరింది, రోజుకోసారి గుడ్డతో తుడిచాం. మూడో రోజు కూడా ఒకే చోట ఉండాలంటే సోలార్ పలక కావాలి. 100 వాట్లది ఎండ బాగుంటే రోజుకి 350 వాట్ అవర్లు ఇస్తుందని నా లెక్క, అది పూర్తిగా కాకపోయినా చాలావరకు ఫ్రిజ్‌కి చాలు. వచ్చే నెల చూస్తాను.

29 రాత్రి పెన్నులో కార్ట్రిడ్జ్ అయిపోయింది. నేను లేవబోతే అమ్మ వద్దని, తనే టార్చి పట్టుకుని వెళ్లి ఫ్రిజ్ మూత తీసింది. మెట్టు మీద డబ్బా అందుకుని, లోపలి థర్మామీటర్ని టార్చి వెలుగులో చదివింది. కనిష్ఠం 4.3, గరిష్ఠం 7.0. తువ్వాలు విప్పి అట్టపెట్టెను బుగ్గకి ఆనించుకుని, "పొడిగా ఉందిరా" అంది. కార్ట్రిడ్జ్‌ని అరగంట బయట ఉంచింది, చల్లగా ఉన్నది పొడిస్తే నొప్పి పుడుతుందట. ఈలోపు మా ఆవిడ అందరికీ పెరుగన్నం కలిపింది.

పొద్దున తొమ్మిదింటికి బండి మొదటి సెల్ఫ్‌కే స్టార్టయింది. ఫ్రిజ్ బ్యాటరీలో ఇంకా 45 శాతం ఉంది.